ఔషధం మీద హక్కు, ఆ హక్కు మీద పెట్టుబడి

గంజాయి అనగానే మనకు గుర్తొచ్చేది పోలీసు కేసులు, జైలుపాలైన యువకులు, కన్నీరు పెట్టే తల్లులు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర మన రాష్ట్ర పోలీసులు ఏజెన్సీ ప్రాంతాల్లో పట్టుబడిన రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగులబెట్టారు. అటువంటి మొక్క ఇప్పుడు మరో వేషంలో మన ఇళ్ల గడప దగ్గరికి వచ్చింది. అది చర్మవ్యాధులకు మందట. ఆ మందు మీద ఒక కంపెనీకి పేటెంట్ ఉందట. ఆ కంపెనీలో ఇప్పుడే డబ్బు పెడితే కొన్నేళ్లలో పదింతలు అవుతుందట.

యాగంటి దారిలో, బనగానపల్లె మండలంలోని ఒక గ్రామం నుంచి ఒక సోదరుడు ఈ విషయం మీద ప్రశ్న పంపారు. నాపరాళ్ల పాలిష్ పనితో బతికే కుటుంబం. కొంత పొలం అమ్మగా వచ్చిన సొమ్ము చేతిలో ఉంది. దానితో తల్లిని హజ్‌కు తీసుకెళ్లాలని మొదట అనుకున్నారు. ఇంతలో గల్ఫ్‌లో ఉన్న బంధువొకరు ఈ షేర్ల సంగతి చెప్పి, హజ్‌కు వచ్చే సంవత్సరం కూడా వెళ్లవచ్చు కదా అన్నారట. "మౌలానా సాబ్, ఇది హలాలా హరామా ఒక్క మాటలో చెప్పండి" అని రాశారు.

ఒక్క మాటలో చెప్పగలిగితే ఎంతో బాగుండేది. కానీ ఈ ప్రశ్నలో నాలుగైదు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి. గంజాయితో వైద్యం వేరు, పేటెంట్ అనే హక్కు వేరు, దాని వెల వేరు. వాటిని విడదీయకుండా ఎవరైనా ఫత్వా చెబితే అది నోటికి వచ్చిన మాటే అవుతుంది తప్ప ధర్మశాస్త్రం కాదు.

ముందు మొక్క సంగతి చూద్దాం. మత్తు కలిగించే ప్రతిదాన్నీ, ఒంటిని మగతలో ముంచే ప్రతిదాన్నీ దైవప్రవక్త (స) వారించారని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన హదీసు అబూదావూద్ గ్రంథంలో ఉంది. గంజాయి (అరబీ గ్రంథాల్లో హషీష్) మొదటి తరాల ఇమాములకు తెలిసిన సమస్య కాదు. తర్వాతి శతాబ్దాల్లో అది ముస్లిం సమాజాల్లోకి పాకినప్పుడు ఉలమా మౌనంగా కూర్చోలేదు. ఎనిమిదో హిజ్రీ శతాబ్దపు పండితుడు ఇమామ్ జర్కషీ (రహ్మ) దీని నిషేధం మీదే ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. నాలుగు మజ్‌హబ్‌ల ఉలమా కూడా మత్తు కోసం దీన్ని తీసుకోవడం హరామ్ అనే చెప్పారు. కనుక కొన్ని దర్గాల దగ్గర చిలుం పట్టుకుని కూర్చునే వారిని చూసి ఇదేదో ఫకీర్లకు మినహాయింపు అనుకోకండి. అటువంటి మినహాయింపు ఏ గ్రంథంలోనూ లేదు.

అయితే ఇక్కడొక సూక్ష్మమైన తేడా ఉంది. మద్యం తాగడమూ హరామే, అది అపవిత్రం (నజిస్) కూడా. గంజాయి, నల్లమందు వంటి ఘనపదార్థాల విషయంలో హనఫీ ఫుఖహా, షాఫయీల్లో ఇమామ్ నవవీ (రహ్మ) వంటి వారు చెప్పింది ఏమంటే, వాటిని మత్తు కోసం సేవించడం హరామ్, కాని ఆ మొక్క స్వతహాగా నజిస్ కాదు. ఇమామ్ ఇబ్ను తైమియా (రహ్మ) దీనితో ఏకీభవించలేదు. ఆయన దృష్టిలో అది మద్యంలాగే అపవిత్రం. అధిక సంఖ్యాకుల మాట మొదటిదే. దీని ఫలితమేమిటంటే, ఆ మొక్క నుంచి తీసిన పదార్థాన్ని చర్మం మీద రాసుకుంటే బట్టలు, శరీరం అపవిత్రం కావు, నమాజుకు ఆటంకం లేదు. పైపూత వల్ల మత్తు కూడా ఎక్కకపోతే నిషేధానికి కారణమే అక్కడ లేదు. హుకుం అనేది దాని కారణం వెంట నడుస్తుంది. ఈనాటి శాస్త్రజ్ఞులు చెప్పేదీ గమనించదగినదే. గంజాయిలో మత్తెక్కించేది ప్రధానంగా టీహెచ్‌సీ అనే పదార్థం. మందుల కోసం ఎక్కువగా పరిశోధిస్తున్న సీబీడీ (కన్నాబిడయాల్) అటువంటి మత్తు కలిగించదు.

'హరామ్ వస్తువులో వైద్యం లేదని ప్రవక్త (స) చెప్పలేదా?' అని ఎవరైనా అడగవచ్చు. చెప్పారు. హజ్రత్ తారిఖ్ బిన్ సువైద్ (రజి) మద్యాన్ని మందుగా వాడతానంటే అది మందు కాదు, రోగమని ఆయన (స) జవాబిచ్చినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. కానీ అదే ప్రవక్త (స), పురుషులకు పట్టువస్త్రం నిషిద్ధమని ప్రకటించిన ఆ మహనీయులే, హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) లకు దురద వ్యాధి వచ్చినప్పుడు పట్టు తొడుక్కోవడానికి అనుమతించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. సోదరులారా, గమనించండి. అది చర్మవ్యాధే! దురదతో రాత్రంతా నిద్రలేని మనిషి బాధ షరీఅత్ దృష్టిలో చిన్న విషయం కాదు. సోరియాసిస్ వచ్చి నలుగురిలో చేయి చాపడానికి సిగ్గుపడే మన ఇళ్లలోని వారికి ఈ హదీసు ఊరట. నిజంగా పనిచేసే లేపనం వస్తే, అది ఏ మొక్క నుంచి వచ్చిందన్న సంకోచం వారికి అక్కర్లేదు.

అంటే మందు హలాల్ కావచ్చు. మందు హలాల్ అయితే షేరు కూడా హలాలే అని బంధువు గారి లెక్క. ఆ లెక్కలోనే తిరకాసు ఉంది. ఎందుకంటే అక్కడ అమ్ముతున్నది మందు కాదు, పేటెంట్.

పేటెంట్ అంటే ఏమిటి? చాలామంది దాన్ని ప్రభుత్వం ఇచ్చే నాణ్యతా ముద్ర అనుకుంటారు. పేటెంట్ వచ్చిందంటే మందు పనిచేస్తుందని రుజువైనట్లే అనుకుంటారు. అది పొరపాటు. పేటెంట్ ఆఫీసు చూసేది ఇది కొత్త విషయమేనా, ఇంతకుముందు ఎవరైనా చెప్పారా, ఆ రంగంలో ఉన్నవారికి సులువుగా తట్టేదేనా అన్నదే. రోగికి నయమవుతుందా, ప్రమాదం ఉందా అన్నది తేల్చేది వేరే సంస్థ, అమెరికాలో ఎఫ్‌డీఏ, మన దేశంలో డ్రగ్ కంట్రోలర్. పేటెంట్ వచ్చినంత మాత్రాన మందు అమ్మే అనుమతి కూడా రాదు. మరి వచ్చేదేమిటి? దరఖాస్తు చేసిన నాటి నుంచి ఇరవై ఏళ్లపాటు మరెవరూ దాన్ని తయారుచేయకుండా, అమ్మకుండా ఆపే హక్కు వస్తుంది. అంతే. పేటెంట్ ఇతరుల చేయి పట్టుకుని ఆపే అధికారం. దాని విలువ కూడా ఆ ఆపడంలోనే ఉంది.

ఇటువంటి హక్కును సొమ్ముగా లెక్కించవచ్చా అన్నది మన మద్రసాల్లో చాలాకాలం నలిగిన చర్చ. హనఫీ ఫుఖహా నిర్వచనం ప్రకారం 'మాల్' అంటే చేతికి అందేది, దాచిపెట్టుకోగలిగేది. మేడ మీద గాలిలో ఇంకో అంతస్తు కట్టుకునే హక్కును మాత్రమే విడిగా అమ్మితే ఆ బేరం చెల్లదని పాత గ్రంథాల్లో విద్యార్థులమందరం చదువుకున్నాం. అందుకే గతంలో కొందరు పెద్ద ఉలమా పుస్తకాల మీద హక్కులను కూడా ఒప్పుకోలేదు. జ్ఞానం పంచేదే కాని కట్టిపెట్టేది కాదన్నారు. ఆ మాటలో ఎంతో బలముంది, నేను దాన్ని తేలిగ్గా తీసేయలేను. కాని లోకంలో వ్యవహారం మారింది. ఒక మందు కనిపెట్టడానికి పదేళ్లు, పదిహేనేళ్లు పడుతోంది. కనిపెట్టిన మరునాడే మరొకడు నకలు తీసి అమ్మితే మొదటివాని శ్రమకు విలువేముంది? ఎవరూ ముందుగా చేరని దాన్ని ముందుగా చేరినవాడే దానికి హక్కుదారుడన్న భావంలో అబూదావూద్‌లో ఒక హదీసు ఉంది. దాని ఆధారంగానూ, ప్రజల ఆచారం (ఉర్ఫ్) ఆధారంగానూ ఈ కాలపు ఉలమా తిరిగి ఆలోచించారు. 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ రచన, ఆవిష్కరణ, వ్యాపార చిహ్నం వంటి హక్కులకు ఆర్థిక విలువ ఉందనీ, వాటి మీద దౌర్జన్యం చేయరాదనీ, మోసమూ అనిశ్చితీ లేకుండా ఉంటే వాటిని వెలకు బదిలీ చేయవచ్చనీ తీర్మానించింది. మన దేశంలోనూ 1990లో బెంగళూరులో జరిగిన ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ సెమినార్‌లో హక్కుల అమ్మకం చర్చకు వచ్చింది.

కనుక పేటెంట్ హక్కు తనంతట తాను హరామ్ కాదు. కాని నా అభిప్రాయంలో దాని హలాల్ అంతా ఒక్క పునాది మీద నిలబడి ఉంది. దాని కింద నిజమైన శ్రమ ఉండాలి. ఎవరి శ్రమా లేని చోట, అల్లాహ్ అందరికీ ఇచ్చిన దానికి ఒకడు కంచె వేస్తే అది హక్కు కాదు, అన్యాయం.

ఇది నా సొంత తర్కం కాదు. యెమెన్ దేశంలోని మారిబ్‌కు చెందిన హజ్రత్ అబ్యజ్ బిన్ హమ్మాల్ (రజి) తమ ప్రాంతంలోని ఉప్పు గనిని తనకు ఇప్పించమని దైవప్రవక్త (స) ను కోరారు. ఆయన (స) ఇచ్చేశారు. ఆయన వెళ్లిపోగానే సభలో ఉన్న ఒకరు, మీరు ఇచ్చింది ఎడతెగకుండా ఊరే నీటి వంటిదని విన్నవించారు. అంటే పెద్ద శ్రమ లేకుండా, వెళ్లినవారందరికీ దొరికేదన్నమాట. ఇది తెలిసిన వెంటనే ప్రవక్త (స) దాన్ని వెనక్కి తీసుకున్నారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉన్న ఈ సంఘటన చదివినప్పుడల్లా నాకు పసుపు గుర్తుకొస్తుంది.

నంద్యాల, కడప ప్రాంతాల్లో పసుపు పండించే రైతును అడగండి, చేయి తెగితే ఏం చేస్తావని. చిటికెడు పసుపు అద్దుతానంటాడు. వాళ్ల నాన్నమ్మ కూడా అదే చేసింది. కాని 1995 మార్చిలో, గాయాలు మానడానికి పసుపు వాడటమనే ఆవిష్కరణకు అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంట్ లభించింది! మన దేశానికి చెందిన సీఎస్ఐఆర్ సంస్థ, అప్పటి డైరెక్టర్ జనరల్ డాక్టర్ మషేల్కర్ నాయకత్వంలో, 1996లో దాన్ని సవాలు చేసింది. పసుపు గుణం మాకు ముందే తెలుసని నోటిమాటగా చెబితే అక్కడ చెల్లదు. రాతపూర్వకమైన సాక్ష్యం కావాలి. సీఎస్ఐఆర్ వారు ముప్ఫై రెండు ఆధారాలు వెతికి పట్టుకున్నారు. కొన్ని వందేళ్లకు పైబడినవి. సంస్కృతంలో కొన్ని, హిందీలో కొన్ని, ఉర్దూలో కొన్ని. 1997 ఆగస్టులో అమెరికా పేటెంట్ ఆఫీసు ఆ పేటెంట్‌లోని వాదనలన్నింటినీ తోసిపుచ్చింది.

ఉర్దూలో అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. మన ఇళ్లలో అటకెక్కించి చెదలకు అప్పగించిన హకీమ్ సాహెబ్ పుస్తకాల వంటివే ఆ రోజు సాక్ష్యం చెప్పాయి. ఉర్దూ చదివితే కూడు పెడుతుందా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. కూడు సంగతేమో గాని, పసుపును కాపాడిన వాటిలో అదీ ఉంది. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయంలో ఆయుర్వేదంతోపాటు యునానీ గ్రంథాలను కూడా చేర్చి, పేటెంట్ ఆఫీసులవారు చదవగలిగే విదేశీ భాషల్లోకి మార్చారు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరిట ఉన్న యునానీ వైద్యకళాశాలలో ఈనాటికీ బోధిస్తున్న విద్య అదే. గంజాయి కూడా యునానీకి కొత్తది కాదు. 'ఖిన్నబ్' పేరుతో పాత తిబ్ గ్రంథాల్లో దాని ప్రస్తావన ఉంది. పదమూడో శతాబ్దంలో డమాస్కస్‌లో మరణించిన ఇబ్నుల్ బైతార్ మూలికల గ్రంథంలోనూ ఉంది. కాబట్టి గంజాయి లేపనం మీద పేటెంట్ ఉందని ఎవరైనా అంటే మొదట అడగవలసిన ప్రశ్న ఇది. మీరు నిజంగా కొత్తగా కనిపెట్టినదేమిటి? పదార్థాన్ని శుద్ధి చేసే పద్ధతా, చర్మం లోపలికి చేర్చే విధానమా, లేక పాత హకీముల మాటకు కొత్త సీసానా? మన దేశపు పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(పి) కింద సంప్రదాయ విజ్ఞానానికి పేటెంటే ఇవ్వరు.

ఇక్కడే మన కళ్లెదుట మరో ఉదాహరణ ఉంది. యాగంటికి పక్కనే ఉన్న బనగానపల్లె పేరుతో ఉన్న మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదీ మేధోసంపత్తి హక్కే. కానీ ఆ పేరు ఏ ఒక్క వ్యాపారి ఇంటికీ పోలేదు. నిర్దేశించిన ప్రాంతంలో ఆ పండు పండించే రైతులందరిదీ అది. ఏ ఒక్కరి శ్రమ ఫలితమో చెప్పలేని దానిని అందరి పేరా రాయడం న్యాయం. ఒకరి శ్రమ ఫలితమని రుజువైనదాన్ని కొంతకాలం ఆ ఒక్కరికి వదలడమూ న్యాయమే.

అయితే శ్రమ నిజమైనదైనా, హక్కు న్యాయమైనదైనా, దానితో ఏం చేస్తారన్నది ఇంకా మిగిలే ఉంటుంది. 2012 మార్చిలో మన హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా కంపెనీకి ఒక క్యాన్సర్ మందు తయారీకి తప్పనిసరి లైసెన్సు లభించింది. అసలు పేటెంట్ జర్మనీకి చెందిన బేయర్ కంపెనీది. మూత్రపిండం, కాలేయ క్యాన్సర్‌కు వాడే ఆ మందుకు నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు అయ్యేది. నాట్కో 8,800 రూపాయలకు ఇస్తానంది. అసలు కంపెనీ మందు మన దేశంలో అవసరమైన రోగుల్లో బహుకొద్దిమందికే అందుతోందని పేటెంట్ కంట్రోలర్ తేల్చారు. నాట్కో కూడా ఊరికే తీసుకోలేదు. అమ్మకాల్లో ఆరు శాతం రాయల్టీ బేయర్‌కు చెల్లించాలని ఆదేశం. తర్వాత దాన్ని ఏడు శాతం చేశారు. 2014లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో జోక్యం చేసుకోలేదు.

ఈ తీర్పులో నాకు ఫిఖ్హ్ కనిపిస్తుంది. శ్రమించినవాని హక్కు పూర్తిగా తీసేయలేదు, రోగి గొంతు మీద ఆ హక్కును కత్తిలా పెట్టనివ్వనూ లేదు. ధాన్యం దాచిపెట్టి ధర పెంచేవాడు పాపి అని ప్రవక్త (స) హెచ్చరించారు. ఆకలిగొన్నవాడి దగ్గర ధాన్యం దాచడానికీ, మంచం పట్టినవాడి దగ్గర మందు దాచడానికీ తేడా ఏముంది? మదీనాలో మంచినీటి బావి రూమా ఒక యజమాని చేతిలో ఉండి, నీళ్లు వెలకు అమ్ముడుపోతున్న కాలంలో హజ్రత్ ఉస్మాన్ (రజి) దాన్ని కొన్నారు. ఆయనా పెట్టుబడి పెట్టినట్లే. కాని కొన్న తర్వాత తమ చేదనూ అందరి చేదల పక్కనే వేశారు. కెనడాలో ఇన్సులిన్ కనిపెట్టిన శాస్త్రజ్ఞులు 1923లో దాని పేటెంట్‌ను ఒక్కొక్కరు ఒక్క డాలర్ తీసుకుని టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. వారు ముస్లింలు కారు. అయినా ఆ పని చూసి మనం సిగ్గుపడాలి. నేను ప్రతి కంపెనీనీ ఉస్మాన్ (రజి) లా ఉండమనడం లేదు. లాభం తీసుకోవడం హలాలే. కాని షేరుదారుడంటే ఆ బావికి భాగస్వామి. నీళ్లు ఎంతకు అమ్ముతున్నారో తనకేం సంబంధం లేదనే వీలు అతనికి లేదు.

ఇక వెల సంగతి. ఇది బంధువు గారు చెప్పని భాగం.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన బోటానిక్స్ అనే కంపెనీ సరిగ్గా ఇదే వ్యాపారంలో దిగింది. గంజాయిలో ఉండే కన్నాబిడయాల్‌ను ప్రయోగశాలలో తయారుచేసి, దానితో మొటిమలకూ, ఎగ్జిమాకూ పైపూత మందు చేయాలన్నది దాని ప్రయత్నం. మంచి ప్రయత్నమే. షేరు మీద జనానికి ఆశలూ బాగానే పెరిగాయి. 2019 అక్టోబరులో మొటిమల మందు రెండో దశ పరీక్షల ఫలితం వచ్చింది. అసలు మందు పూసుకున్నవారికీ, మందు లేని ఉత్త పూత పూసుకున్నవారికీ తగినంత తేడా కనబడలేదు. షేరు ధర ఒక్కసారిగా కుప్పకూలింది. కొన్నేళ్ల తర్వాత ఆ కంపెనీ నిలదొక్కుకుంది గాని, అది గంజాయి లేపనంతో కాదు. చంకల్లో అధికంగా పట్టే చెమటకు వాడే వేరే మందును తీసుకుని, దానికి 2024లో అమెరికా అనుమతి సంపాదించి నిలబడింది. 2019లో గంజాయి మీద ఆశతో చివరి ధరకు కొన్నవాని పొలం సొమ్ము ఏమైందో మీరే ఊహించండి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది, దాన్ని దాచను. బ్రిటన్‌లో 1998లో మొదలైన జీడబ్ల్యూ ఫార్మా కంపెనీ గంజాయి మొక్క నుంచి తీసిన కన్నాబిడయాల్‌తో చిన్నపిల్లల్లో వచ్చే తీవ్రమైన మూర్ఛలకు మందు చేసింది. 2018 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని ఆమోదించింది. 2021లో జాజ్ అనే కంపెనీ జీడబ్ల్యూను సుమారు 720 కోట్ల డాలర్లకు కొన్నది. కాని సంవత్సరాలు లెక్కపెట్టండి. మొదలుకీ ఆమోదానికీ మధ్య ఇరవై ఏళ్లు. రెండేళ్లలో పదింతలు అన్న మాట ఈ చరిత్రలో ఎక్కడా ఇమడదు.

నీటిలో ఉన్న చేపను, గాలిలో ఎగిరే పక్షిని అమ్మడాన్ని ఫుఖహా 'గరర్' (చేతికి వస్తుందో రాదో తెలియని బేరం) కింద నిషేధించారు. వ్యాపారంలో నష్టభయం ఉండటమే గరర్ కాదు. నష్టానికి సిద్ధపడ్డవాడికే లాభం మీద హక్కు. ప్రతి రైతూ విత్తనం వేసేటప్పుడు ఆ భయంతోనే వేస్తాడు. మరి తేడా ఎక్కడుంది? రైతుకు తన చేను తెలుసు, విత్తనం తెలుసు, వాన రాకపోవచ్చనీ తెలుసు. పేటెంట్ నంబరు తెలియదు, దరఖాస్తు తేదీ తెలియదు, ఇరవై ఏళ్లలో ఎన్ని మిగిలాయో తెలియదు, మందు ఏ దశ పరీక్షలో ఉందో తెలియదు. ఫోన్‌లో విన్న 'పదింతలు' అన్న మాట తప్ప ఏదీ తెలియకుండా కొనేవాడు రైతులాంటివాడు కాడు, పాచికలు విసిరేవాడిలాంటివాడు. మద్యంలోనూ జూదంలోనూ మనుషులకు కొన్ని ప్రయోజనాలున్నా వాటి పాపం ఆ ప్రయోజనం కన్నా పెద్దదని సూరా బఖరా 219వ ఆయతు తెలియజేస్తుంది. ఆ ఆయతులో ఆ రెండూ పక్కపక్కనే ఉండటం చూడండి. గంజాయి విషయంలో మొదటిదాని గురించే భయపడ్డాం. రెండోది మన చేతిలోని సెల్‌ఫోన్‌లో కూర్చుని ఉంది.

ఇంకొక మెలిక. ఇటువంటి కంపెనీల్లో కొన్ని ఒక చేత్తో మందు, ఇంకో చేత్తో మత్తు అమ్ముతాయి. కెనడాలో 2018లో గంజాయి సేవనాన్ని చట్టబద్ధం చేసిన తర్వాత ఇది బహిరంగ వ్యాపారం. మద్యానికి సంబంధించి దాన్ని మోసేవాని నుంచి దాని వెల తినేవాని వరకూ పదిమందిని ప్రవక్త (స) శపించినట్లు తిర్మిజీ హదీసు. మత్తు కోసం అమ్మే గంజాయి లాభంలో వాటా తీసుకునేవాడు తనకు ఆ శాపం వర్తించదని ధైర్యంగా అనగలడా? గంజాయి అమ్మకం గురించి 'దుర్రె ముఖ్తార్' గ్రంథంలో ఒక లోతైన చర్చ ఉంది. బేరం శాస్త్రరీత్యా కుదిరిపోతుందేమో గాని, ఆ పని హలాల్ కాదని దాని సారాంశం. చట్టం ఒప్పుకోవడం, ధర్మం ఒప్పుకోవడం ఒకటి కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? మన దేశంలో అయితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద వైద్య, శాస్త్రీయ అవసరాలకు లైసెన్సు లేకుండా గంజాయి జోలికి వెళ్లడం నేరం కూడా.

కాబట్టి ఆ సోదరునికి నా జవాబు ఇది. కంపెనీ వ్యాపారం ఔషధమే అయి, మత్తు అమ్మకంలో దానికి వాటా లేకపోతే, పేటెంట్ కింద నిజమైన ఆవిష్కరణ ఉంటే, మందు ఏ దశలో ఉందో, హక్కు ఎన్నేళ్లు మిగిలి ఉందో కాగితం మీద మీకు తెలిస్తే, వడ్డీ వ్యవహారం వంటి ఇతర షరతులూ నెరవేరితే, ఆ షేరు కొనడాన్ని హరామ్ అని నేననను. ఇవేమీ తెలియకుండా కొనడానికి మాత్రం అనుమతి ఇవ్వలేను. హజ్ సొమ్ము విషయం ఇంకా వేరు. ఇంటి ఖర్చులు, అప్పులు పోగా మీ దగ్గర ప్రయాణానికి చాలినంత ఉండి, హజ్ సమయం వస్తే మీ మీద హజ్ ఫర్జ్ అవుతుంది. హనఫీ మజ్‌హబ్‌లో బలమైన అభిప్రాయం ప్రకారం స్తోమత కలిగిన మొదటి సంవత్సరమే వెళ్లాలి, కారణం లేకుండా వాయిదా వేయడం పాపం. 'షేరు పెరిగాక వెళ్తాను' అన్నది షరీఅత్ అంగీకరించే కారణం కాదు. అమ్మగారి వయసు కూడా షేరు కోసం ఆగదు.

ఇప్పటికే ఇటువంటి షేర్లు కొన్నవారు కూడా ఉండవచ్చు. కంపెనీ మత్తు వ్యాపారంలో ఉందని తేలితే వెంటనే అమ్మి బయటపడాలి. పెట్టిన అసలు ఉంచుకుని, పైన వచ్చిన లాభాన్ని పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయాలి. కంపెనీ ఔషధానిదే అయి, మీరు తిరిగి అమ్మే ఉద్దేశంతో కొని ఉంటే, అది వ్యాపార సరుకు. నిసాబ్ ఉంటే, జకాత్ సంవత్సరం నిండిన రోజున ఆ షేర్ల మార్కెట్ ధర ఎంతో దాని మీద రెండున్నర శాతం చెల్లించాలి. కొన్న ధర మీద కాదు. ధర పడిపోయి ఉంటే పడిపోయిన ధర మీదే లెక్క.